చేయి ఎత్తగానే భుజం కూలిపోతోంది, ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

ప్రశ్న: అన్నా, రెండేళ్ళుగా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నా. ఉద్యోగం అయ్యాక రాత్రి రెండు గంటలు, ఆదివారాలైతే మొత్తం దీనికే. అందరిలాగే డోనట్ బొమ్మతో మొదలుపెట్టి, తర్వాత గదులు, కార్లు, కత్తులు చేసి, పోయినేడు ఒక ముసలాయన క్యారెక్టర్ పట్టుకున్నా. ఎనిమిది నెలలు స్కల్ప్ట్ చేశా, మట్టి బొమ్మ చెక్కినట్టు. ముడతలు, పోర్స్, కనుబొమ్మల వెంట్రుకలు అన్నీ. స్టిల్ రెండర్ (కదలని చివరి బొమ్మ) చూసి చాలామంది ఫోటో అనుకున్నారు. తర్వాత రిగ్, అంటే బొమ్మని కదిలించే ఎముకల గూడు, పెట్టి చేయి పైకి ఎత్తించా, భుజం మొత్తం లోపలికి కూలిపోయింది. నోరు తెరిపిస్తే బుగ్గ చిరిగిపోతున్నట్టు లాగేస్తోంది. ఏ ఎముక చర్మాన్ని ఎంత లాగాలో రంగులతో చెప్పే వెయిట్ పెయింట్ మూడు వారాలు చేసినా అంతే. అడ్వాన్స్‌డ్ లెవెల్‌కి వెళ్ళాలంటే ఇప్పుడు జీబ్రష్ నేర్చుకోవాలా, మాయాకి మారాలా, హుడినీనా? ఇంకోటి, మా ఇంట్లో "అదంతా కంప్యూటరే చేస్తుంది కదా, ఇందులో నీ ఆర్ట్ ఏముంది" అంటున్నారు, నాకు జవాబు దొరకలేదు. ఇది నిజంగా ఆర్టేనా? నాకు బొమ్మలు గియ్యడం కూడా రాదు. చివరగా, కొత్త గ్రాఫిక్స్ కార్డు తీసుకోమంటారా?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ వెయిట్ పెయింటింగ్ ఆపేసెయ్. మూడు వారాలు కాదు మూడు నెలలు రుద్దినా ఆ భుజం నిలబడదు, ఎందుకంటే తప్పు అక్కడ జరగలేదు, అంతకుముందు ఎనిమిది నెలల్లోనే జరిగిపోయింది. ఈ మాట కొంచెం కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ ఇంకో మూడు వారాలు పోగొట్టుకునే కంటే ఇప్పుడే వినేస్తే మేలు.

నువ్వు ఆ ముసలాయన్ని నిలబెట్టడానికి చేశావ్, కదిలించడానికి చెయ్యలేదు. చాలామంది ఇలాగే నేర్చుకుంటాం, ముందు మోడలింగ్ మొత్తం వచ్చెయ్యాలి, తర్వాత రిగ్గింగ్, ఆ తర్వాత తీరిగ్గా యానిమేషన్ అని. కోర్సులు కూడా ఆ వరుసలోనే ఉంటాయి కాబట్టి మన తప్పూ కాదు. కానీ పనిలో దిగాక తెలుస్తుంది, ఇవి వేరు వేరు సబ్జెక్టులు కావు. ఒక ఆకారం మీది గళ్ళ వలలో (మెష్ అంటారు) గీతలు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది, ఆ ఆకారం రేపు ఎలా కదలబోతుందో అన్నదే. టోపాలజీ అంటే అంతే, కదలిక గురించి ముందే వేసుకున్న అంచనా. నీ దగ్గర ఆ అంచనా లేదు, అందుకే చెయ్యి ఎత్తగానే బండారం బయటపడింది.

నీ భుజమే తీసుకుందాం. ఇది చదువుతూనే నీ ఎడమ చేతిని కుడి భుజం వెనక, వీపు మీద రెక్కలా ఉండే ఎముక ఉంటుంది చూడు, దాని మీద పెట్టి కుడి చేయి నెమ్మదిగా తల పైకి ఎత్తు. ఏమైంది? ఆ ఎముక కూడా తిరుగుతోంది కదా. చేయి పూర్తిగా పైకి వెళ్ళేసరికి సుమారు 180 డిగ్రీలు తిరిగితే, అందులో భుజం కీలు దగ్గర జరిగేది దాదాపు 120, మిగతా 60 ఆ రెక్క ఎముకది, దానితోపాటు ముందున్న కాలర్ బోన్ కూడా లేస్తుంది. ఇప్పుడు నీ రిగ్ తెరిచి చూడు, నేను పందెం కాస్తా, నువ్వు పై చేతి ఎముక ఒక్కదాన్నే పట్టుకుని 180 తిప్పి ఉంటావ్. మనిషి శరీరంలో మూడు ఎముకలు పంచుకునే పనిని ఒక్కదానికి అప్పజెప్పి, భుజం కూలిపోతోందని వెయిట్‌ల మీద కోప్పడితే అవేం చేస్తాయి.

నోరు కూడా అంతే కథ. పెదాల చుట్టూ ఉండే కండరం గుండ్రంగా, రింగులా ఉంటుంది, కళ్ళ చుట్టూ కూడా అలాంటిదే. అందుకే మోడల్లో కూడా ఎడ్జ్ లూప్‌లు, అంటే మెష్‌లో చుట్టి వచ్చే గీతల వరసలు, నోటి చుట్టూ, కంటి చుట్టూ రింగులుగా తిరగాలి అంటారు. ఇదేదో ఎవరో పెట్టిన రూల్ కాదు, కింద కండరం ఎటు లాగుతుందో పైన గీత అటే వెళ్తే మడత సరైన చోట పడుతుంది, అంతే. నువ్వు స్కల్ప్ట్ చేసి రీమెష్ బటన్ నొక్కి ఉంటావ్, అది చక్కగా సమానంగా గళ్ళు పరిచేసి ఉంటుంది, గళ్ళ లుంగీ పరిచినట్టు. చూడ్డానికి ఎంత నీటుగా ఉన్నా ఆ గళ్ళకి అక్కడ నోరు ఉందన్న సంగతే తెలీదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1972లో యూటా యూనివర్సిటీలో ఎడ్ క్యాట్మల్ అనే స్టూడెంట్, తర్వాత పిక్సార్ యానిమేషన్ స్టూడియో పెట్టినవాళ్ళలో ఒకడు, తన ఎడమ చేతికి ప్లాస్టర్ అచ్చు తీసుకుని, ఆ అచ్చు మీద ఇంకుతో ఒక్కో గీతా గీసుకుని, సుమారు 350 పాలిగన్లుగా (మెష్‌లో ఒక్కో గడి ఒక పాలిగన్) కంప్యూటర్లోకి ఎక్కించి ఆ చెయ్యి కదిలేలా చేశాడు. అంతకు కాస్త ముందు అక్కడే ఆన్రీ గురో తన భార్య ముఖం మీద గీతలు గీసి ముఖాన్ని మోడల్ చేశాడు, గళ్ళు నునుపుగా కనిపించడానికి ఇప్పుడు స్మూత్ షేడింగ్ అని మనం నొక్కే దాని మూలం ఆయన 1971 నాటి పనిలో ఉంది. నేను ఎప్పుడూ ఆగిపోయేది ఆ 350 దగ్గర. ప్లాస్టర్ చెయ్యి ముందు పెట్టుకుని పెన్ను పట్టుకున్న మనిషికి ప్రతి గీతా ఒక నిర్ణయమే, ఇక్కడ వేలు మడత పడుతుంది కాబట్టి ఇక్కడ గీత కావాలి, అరచేతి వెనక అంత అవసరం లేదు, ఇలా. నీ ముసలాయనకి ఎన్ని లక్షల పాలిగన్లున్నాయో నాకు తెలీదు కానీ వాటిలో నువ్వు నిర్ణయించినవి ఎన్ని?

(ఆ క్యాట్మలే 1978లో జిమ్ క్లార్క్‌తో కలిసి, గళ్ళని ఇంకా చిన్న గళ్ళుగా కోసి నునుపు చేసే సబ్‌డివిజన్ పద్ధతి రాశాడు, నువ్వు రోజూ వేసే సబ్‌డివిజన్ సర్ఫేస్ మాడిఫయర్ అదే. అది నాలుగు మూలల గళ్ళ మీద బాగా పని చేస్తుంది కాబట్టే అందరూ క్వాడ్స్ క్వాడ్స్ అని అరుస్తారు. కదలని, వంగని, బల్లపరుపు చోట ఐదు మూలలున్నా ఆరున్నా ఏం కొంప మునగదు, దాని గురించి ఎవరైనా నీతో గొడవ పెట్టుకుంటే వదిలెయ్.)

సరే, మరి ఏం నేర్చుకోవాలి అంటే నా సలహా ఒకటే, వెనక నుంచి ముందుకి రా. ముందు కదలిక, తర్వాత ఆకారం. ముసలాయన్ని ఫోల్డర్లో పెట్టి మూసెయ్, ఒక కొత్త ఫైల్ తెరువు, బ్లెండర్ ఎలాగూ నీ ముఖాన ఒక క్యూబ్ పడేస్తుంది కదా, ఇన్నేళ్ళూ తెరవగానే డిలీట్ చేసిన ఆ క్యూబ్‌నే ఈసారి ఉంచు. దాన్ని పడెయ్. అంతే ఎక్సర్‌సైజు. పైనుంచి కింద పడాలి, చూసేవాడికి అది చెక్క పెట్టెనా, ఇనుప దిమ్మెనా, ఖాళీ అట్టపెట్టెనా అన్నది టెక్స్చర్ లేకుండా, సౌండ్ లేకుండా, బూడిద రంగులోనే తెలియాలి.

నవ్వకు. ఇదే కష్టం. మీ ఇంట్లోవాళ్ళ ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. పైన ఒక కీఫ్రేమ్ (ఈ ఫ్రేములో వస్తువు ఇక్కడ ఉండాలని నువ్వు పెట్టే గుర్తు), కింద ఒక కీఫ్రేమ్ పెట్టి ప్లే నొక్కు. మధ్యలో ఉన్నదంతా కంప్యూటరే చేస్తుంది, నిజమే, వాళ్ళన్నది కరెక్టే. ఎలా చేస్తుందో చూడు. నెమ్మదిగా బయల్దేరి, మధ్యలో స్పీడు అందుకుని, నేల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నెమ్మదించి మెల్లిగా దిగుతుంది, లిఫ్ట్ వచ్చి ఆగినట్టు. డీఫాల్టుగా ఉండే బెజియర్ అనే నునుపు కర్వ్ పని అది. ప్రపంచంలో ఏ వస్తువూ అలా పడదు. పడే వస్తువు నేలని తగిలే క్షణంలోనే అన్నిటికంటే వేగంగా ఉంటుంది, మొదటి ఫ్రేములో ఒక వంతు దూరం పడితే రెండో ఫ్రేములో మూడు వంతులు, తర్వాత ఐదు, తర్వాత ఏడు, అలా పెరుగుతూ పోతుంది. ఇది కంప్యూటర్‌కి తెలీదు, చెప్పాల్సింది నువ్వు. అప్పుడు కదలికని గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి ఆ కర్వ్ కింది హ్యాండిల్ నిటారుగా లాగుతావ్ చూడు, ఆ లాగడంలో ఎంత లాగాలి, నేల తగిలాక ఎన్ని ఫ్రేములు కదలకుండా ఉంచాలి, ఎగరాలా వద్దా, ఎగిరితే ఎంత, అక్కడుంది నీ ఆర్ట్. ఇంట్లోవాళ్ళకి మాటల్లో చెప్పకు, ఆ రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి చూపించు, ఒకటి కంప్యూటర్ పడేసింది, ఇంకోటి నువ్వు పడేసింది.

నంబర్లు కూడా కొన్ని బుర్రలో పెట్టుకో, చాలా పనికొస్తాయి. గాలి సంగతి పక్కన పెడితే వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 12 ఫ్రేముల్లో అంటే అర సెకనులో 1.2 మీటర్లు. 20 మీటర్ల పైనుంచి పడాలంటే రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు పడుతుంది. ఇది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, తిట్లు తిని నేర్చుకున్నా. నా మొదటి ఉద్యోగంలో ఒక పెద్ద యంత్రం కూలిపోయే షాట్ ఇచ్చారు, నేను మోడల్ మీద తుప్పు, బోల్టులు, నూనె మరకలు అన్నీ ప్రేమగా చేసి, అది దబ్బున పడితే పవర్‌ఫుల్‌గా ఉంటుందని 14 ఫ్రేముల్లో పడేశా. మా లీడ్ చూసి "ఇది ఎంత ఎత్తునుంచి పడుతోంది" అన్నాడు. 20 మీటర్లు సార్ అన్నా. ఆయన ఫోన్‌లో లెక్క కట్టి "14 ఫ్రేముల్లో పడేది ఒకటిన్నర మీటరు చిల్లర, నువ్వు చేసింది టేబుల్ మీంచి పడిన బొమ్మ" అని వెళ్ళిపోయాడు. అంత తుప్పూ అంత నూనె మరకలూ వేస్ట్. కదలిక చిన్నదని చెప్తుంటే మోడల్ ఎంత పెద్దదని అరిచినా చూసేవాడు కదలికనే నమ్ముతాడు. పాతకాలంలో బుల్లి సెట్లు కట్టి షూట్ చేసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు, 16వ వంతు సైజు బొమ్మ అయితే కెమెరాని నాలుగు రెట్ల స్పీడులో తిప్పేవాళ్ళు, తర్వాత మామూలు స్పీడులో చూపిస్తే బరువు వచ్చేది.

అన్నట్టు నీ సీన్‌లో స్కేల్ కూడా ఒకసారి చూసుకో. బ్లెండర్ డీఫాల్ట్ క్యూబ్ పక్కకి రెండు మీటర్లు ఉంటుంది, చాలామంది దాన్ని గుప్పెడంత డబ్బా అనుకుని పని చేసేస్తారు. నీ ముసలాయన ఎంత పొడవున్నాడో ఎప్పుడైనా చూశావా? పది మీటర్లున్నా ఆశ్చర్యపోను. మార్చిన సైజుని స్కేల్ అప్లైతో ఖాయం చెయ్యకుండా రిగ్ పెట్టినా తర్వాత వింత వింత సమస్యలొస్తాయి, అది ఒక్క నిమిషం పని, చేసెయ్.

పెట్టె తర్వాత రెండు పెట్టెలు కీలుతో కలిపి, అంటే మూతున్న డబ్బాలాంటిది. అది లోపల ఏముందో అని భయపడుతూ మూత తీసుకోవాలి. ఆ తర్వాత మూడు నాలుగు ముక్కలున్న ఏదైనా వస్తువు, టేబుల్ లైటో, మడత కుర్చీయో. గమనించావా, వీటిలో దేనికీ చర్మం లేదు. చిరగడానికి ఏమీ లేదు, వెయిట్ పెయింటింగ్ అసలే లేదు, ఒక్కో ముక్క ఒక్కో ఎముకకి కట్టెయ్యడమే. నీ దృష్టంతా కదలిక మీదే ఉంటుంది. 1986లో పిక్సార్ వాళ్ళ లక్సో జూనియర్ అనే చిట్టి సినిమా ఇలాంటిదే, రెండు టేబుల్ లైట్లు, బంతాట, రెండు నిమిషాలు. ముఖాల్లేవు, కళ్ళు లేవు, మాటల్లేవు. దాన్ని సిగ్గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో చూపించాక గ్రాఫిక్స్‌లో మహామహుడైన జిమ్ బ్లిన్ వచ్చి ఏదో అడగబోతుంటే, డైరెక్టర్ జాన్ లాసెటర్ ఈయన నీడలు ఎలా లెక్క కట్టారని అడుగుతాడేమో, నాకు తెలీదే అని కంగారుపడ్డాడట. ఆయన అడిగింది, ఆ పెద్ద లైటు అమ్మా నాన్నా అని. ఆర్టా కాదా అని ఎవరైనా నన్ను అడిగితే నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది. లైటుకి అమ్మానాన్న ఏంటి అసలు. మరుసటి ఏడాది అదే లాసెటర్ అదే సిగ్గ్రాఫ్‌లో ఒక పేపర్ ఇచ్చాడు, చేత్తో గీసే యానిమేటర్లు దశాబ్దాలుగా వాడిన సూత్రాలు, సాగడం కుదించుకోవడం, పనికి ముందు చిన్న వెనకడుగు, ఆగాక కూడా కాస్త కొనసాగడం లాంటివి, త్రీడీలో ఎలా వాడాలో. ఆ సూత్రాల పేర్లు బట్టీ పట్టే వీడియోలు బోలెడున్నాయి, పేర్లు బట్టీ పట్టకు, నీ మూత డబ్బాలో ఒక్కోదాన్నీ తీసేసి చూడు, తీసేస్తే ఏం పోయిందో కనిపిస్తే చాలు, పేరు దానంతటదే గుర్తుంటుంది.

పని చేసే పద్ధతి ఒకటి చెప్తా, ఇది నీలాంటి డీటెయిల్ పిచ్చి ఉన్నవాళ్ళకి మరీ ముఖ్యం. మొదట కీఫ్రేములన్నీ కాన్‌స్టెంట్‌లో పెట్టు, అంటే ఒక పోజు నుంచి ఇంకో పోజుకి టక్కున దూకాలి, మధ్యలో నునుపు ఉండకూడదు. దీన్నే బ్లాకింగ్ అంటారు. ఆ దూకుడులోనే కథ అర్థమవ్వాలి, ఎన్ని ఫ్రేములు ఆగాలో అక్కడే తేల్చుకోవాలి. ముందే నునుపు కర్వులకి వెళ్ళిపోతే అన్నీ జారుతూ నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటాయి, అది స్మూత్‌గా ఉంది కాబట్టి బాగుంది అనుకుంటావ్, నేను ఏడాది పైన అనుకున్నా. ఇంకోటి, మెటీరియల్ మొత్తం నలుపు చేసేసి ప్లే చెయ్యి. నీడ బొమ్మలా చూసినా ఏం జరుగుతోందో తెలిస్తే పోజు నిలబడ్డట్టు. చెయ్యి పొట్ట ముందుకి వచ్చి కలిసిపోయి కనపడట్లేదంటే పోజు మార్చు, లైటింగ్‌తో కవర్ చెయ్యాలని చూడకు.

బొమ్మలు గియ్యడం రాదు అన్నావ్. గియ్యడం వస్తే మంచిదే, రాకపోతే ఆగిపోనక్కర్లేదు. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమా చేసేటప్పుడు ఏమైందో చూడు. మొదట డైనోసార్లు ఒళ్ళంతా కనిపిస్తూ కదిలే షాట్లు స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మని చేత్తో కొద్దికొద్దిగా కదుపుతూ, చెయ్యాలనుకున్నారు, ఆ పని ఫిల్ టిపెట్ టీమ్‌ది. తీరా కంప్యూటర్‌లో చేసిన టెస్ట్ చూశాక ప్లాన్ మారిపోయింది. మరి చేత్తో బొమ్మలు కదిపే వాళ్ళకి కంప్యూటర్ రాదు, కంప్యూటర్ వచ్చినవాళ్ళకి జంతువు బరువు ఎలా వేస్తుందో అంత తెలీదు. అప్పుడు లోహంతో ఒక డైనోసార్ అస్థిపంజరం చేసి, కీళ్ళన్నిటిలో సెన్సర్లు పెట్టారు. వాళ్ళు పాత అలవాటు ప్రకారం దాన్ని చేత్తో కదిపితే ఆ పోజు కంప్యూటర్లోకి ఎక్కేది. అంటే వాళ్ళకి కావాల్సింది మౌస్ పట్టుకోవడం వచ్చినవాళ్ళు కాదు, ఒక బరువైన జంతువు అడుగు వేసే ముందు బరువు ఏ కాలి మీదకి మారుతుందో తెలిసినవాళ్ళు. అది తెలుసుకోడానికి పెన్సిలే అక్కర్లేదు. లేచి నిలబడి ఆ పని నువ్వే చెయ్యి, పదిసార్లు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని రికార్డ్ చేసుకో. ఎక్కడ బరువు మారింది, తల ముందు తిరిగిందా కళ్ళు ముందు తిరిగాయా (కళ్ళే, దాదాపు ఎప్పుడూ కళ్ళే), చెయ్యి చాచే ముందు నడుము ఏం చేసింది, అవి ఐదారు పుల్ల బొమ్మలుగా కాగితం మీద గీసుకో, పుల్ల బొమ్మలు ఎవరికైనా వస్తాయి. కానీ ఒక జాగ్రత్త, వీడియో పక్కన పెట్టి ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ దింపెయ్యకు. మనం కెమెరా ముందు అనవసరంగా చాలా కదులుతాం, అదంతా దిగిపోయి మెత్తగా, చప్పగా ఉంటుంది. ఏ మూడు నాలుగు పోజులు లేకపోతే పని అర్థం కాదో అవి ఉంచి మిగతాది పారెయ్.

సాఫ్ట్‌వేర్ ప్రశ్నకి ఇంత తక్కువ చోటు ఇస్తున్నందుకు ఏమనుకోకు. జీబ్రష్ గొప్పదే, కానీ అది స్కల్ప్టింగ్‌కి, నీకు ఇప్పటికే ఎక్కువైంది స్కల్ప్టింగే. హుడినీ మంటలు, నీళ్ళు, కూలిపోయే భవనాలు, నియమాలతో తయారయ్యే ఆకారాలకి, అదో పెద్ద సముద్రం, భుజం కూలిందని అందులో దూకితే లాభం లేదు. మాయా సంగతి వేరు, పెద్ద స్టూడియోల్లో క్యారెక్టర్ యానిమేషన్ పైప్‌లైన్లు చాలావరకు దాని చుట్టూ కట్టుకున్నారు కాబట్టి రేపు అలాంటి చోట ఉద్యోగం కావాలంటే నేర్చుకోవాల్సి రావచ్చు, అది బటన్లు మారడమే. నీకు కావాల్సింది పనైతే బ్లెండర్ చాలు. 1994లో ఒక డచ్ స్టూడియో సొంత వాడకానికి మొదలైన సాఫ్ట్‌వేర్ అది, తర్వాత దాన్ని నడిపిన కంపెనీ మూతపడితే, దాన్ని మొదలుపెట్టిన టాన్ రోజెండాల్ జనం దగ్గర ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి 2002లో ఓపెన్ సోర్స్ చేశాడు. అదే బ్లెండర్‌లో చేసిన లాట్వియా సినిమా ఫ్లో 2025లో ఆస్కార్ తీసుకుంది, అందులో పిల్లికి నీ ముసలాయనకున్నంత డీటెయిల్ లేదు, వెంట్రుక వెంట్రుకా కనిపించే రకం కాదు, బ్రష్‌తో పులిమినట్టు ఉంటుంది, ఒక్క మాట మాట్లాడదు. కానీ అది దూకే ముందు ఒక్క క్షణం ఆగి వెనక కాళ్ళు సర్దుకుంటే ఇక్కడ మన కాళ్ళు బిగుసుకుంటాయి.

ఇప్పుడు ముసలాయన దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎనిమిది నెలల పని పారేసుకోమని నేను చెప్పను. పెట్టెలతో రెండు మూడు నెలలు గడిపాక ఆ ఫైల్ తెరువు. స్కల్ప్ట్ అలాగే ఉంచి దాని మీద చేత్తో రీటోపాలజీ చెయ్యి, అంటే కొత్త మెష్ గీసుకో, ఆటోమేటిక్ కాదు, చేత్తో. పది వేల లోపు ఫేస్‌లలో (గళ్ళలో) ముగించాలని లెక్క పెట్టుకో, అప్పుడే ప్రతి గీతకీ ఎందుకు అని అడుగుతావ్. మోచేతికి, మోకాలికి మడత పడేవైపు గీతలు దగ్గర దగ్గరగా, ఒక మూడు లూపులైనా ఉండాలి. ముంజేయి తిప్పినప్పుడు మణికట్టు ఒక్కటే తిరిగితే చాక్లెట్ కాగితం మెలిపెట్టినట్టు అవుతుంది, ఎందుకంటే నిజానికి అక్కడ రెండు ఎముకలుండి ఒకటి రెండోదాని మీదుగా దొర్లుతుంది, మెలిక మోచేతి దాకా పంచుకుంటుంది, కాబట్టి మధ్యలో ఒకటి రెండు ట్విస్ట్ ఎముకలు పెట్టు. కాలర్ బోన్ తప్పకుండా పెట్టు, చెయ్యి ఎత్తితే దానంతటదే కొంత లేచేలా. ఆ ముడతలూ పోర్స్ అన్నీ నార్మల్ మ్యాపు, డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాపు అనే బొమ్మల్లోకి బేక్ చేసుకుంటే, అంటే దింపుకుంటే, ఎక్కడికీ పోవు, తేలికైన మెష్ మీద అలాగే కనిపిస్తాయి. ఇంకా ఎక్కడైనా మడత బాలేకపోతే చిట్టచివర షేప్ కీతో (సర్దిన ఆకారాన్ని దాచుకునే పద్ధతి) సరిచెయ్, మొదట కాదు. ఇకమీదట కొత్త క్యారెక్టర్ ఏది చేసినా ముక్కు కూడా సరిగా రాకముందే, ఆ ముద్ద మెష్‌కే పుల్లల్లాంటి రిగ్ పెట్టి చెయ్యి ఎత్తించు, గొంతుక్కూర్చోబెట్టు, నోరు తెరిపించు. అప్పుడు పగిలితే బాగుచెయ్యడానికి పది నిమిషాలు, పోర్స్ దాకా వచ్చాక పగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

అసలు నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నన్ను తొలుస్తున్నది ఇంకోటుంది. ఎనిమిది నెలలు ఆయనతో గడిపావ్, ఉత్తరంలో ఆయన గురించి ఒక్క ముక్క లేదు. ఎవరాయన? ఏం పని చేసేవాడు? చెయ్యి ఎందుకు ఎత్తుతున్నాడు? నువ్వు ఆయన వయసు ముడతల్లో అంత శ్రద్ధగా చూపించి, చెయ్యి మాత్రం పాతికేళ్ళ కుర్రాడిలా 180 డిగ్రీలు నిటారుగా ఎత్తించావ్. ఆ వయసులో చాలామందికి భుజం అంత పైకి వెళ్ళదు తమ్ముడూ. పై అరలో ఉన్న డబ్బా అందుకోవాలంటే ఆయన చెయ్యి కంటే ముందు మడమలు లేస్తాయి, ఒళ్ళు పక్కకి వంగుతుంది, రెండో చెయ్యి వెళ్ళి అర అంచు పట్టుకుంటుంది, భుజం నొప్పి తెలిసిన మనిషి కాబట్టి చెయ్యి లేపే ముందే మొహం కాస్త బిగుసుకుంటుంది, వేళ్ళు డబ్బా అడుగుని తాకి అందక ఒకసారి జారతాయి. ఇలా చేస్తే నీ రిగ్ 180 కాదు, 110 తిరిగితే చాలు, నీ భుజం సమస్య సగం అక్కడే పోతుంది, పైగా అది ఆ ముసలాయన కదలికే అవుతుంది, ఇంకెవరిదీ కాదు. వయసైన వాళ్ళు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు, వాళ్ళు కుర్చీలోంచి లేచేటప్పుడు కాస్త దూరంగా కూర్చుని చూడు. లేవాలి అనుకోవడానికీ లేవడానికీ మధ్య ఎంతసేపు ఉంటుందో, ఆ మధ్యలో చేతులు ఎక్కడ వెతుక్కుంటాయో. ఫోన్ తియ్యకు, ఊరికే చూడు, కెమెరా చూస్తే వాళ్ళు వేరేలా లేస్తారు.

రోజూ రెండు గంటలే ఉన్నాయి కాబట్టి ముప్పై సెకన్ల సినిమా ప్లాన్ వద్దు. ఒక సెకను, 24 ఫ్రేములు, పెట్టె. అది బాగా వచ్చాక మూడు సెకన్లు. ముసలాయన డబ్బా అందుకునే షాట్ పది సెకన్లకి మించనివ్వకు, అదే ఆర్నెల్లు పడుతుంది, పట్టనీ. పూర్తయ్యాక నాకు పంపేటప్పుడు రెండర్ చెయ్యకుండా వ్యూపోర్ట్‌లో (నువ్వు పని చేసే కిటికీలో) కనిపించే బూడిద రంగులోనే పంపు, పోర్స్ ఉంటే నేను కూడా వాటినే చూస్తూ కూర్చుంటా.

గ్రాఫిక్స్ కార్డు అడిగావ్ కదా, మర్చిపోయేవాణ్ణి. ఒక బూడిద రంగు పెట్టెని 24 ఫ్రేములు ఆడించడానికి నీ దగ్గరున్నది చాలా ఎక్కువ.